ఉద్దెర గింజ: వరంగల్ చేలల్లో బీటీ పత్తి

వ్యవసాయ అర్థశాస్త్రం పేపర్లలో 'అడాప్షన్' అనే మాట తరచూ కనిపిస్తుంది. కొత్త విత్తనాన్ని రైతు ఎందుకు తీసుకుంటాడు, ఎందుకు తీసుకోడు అని లెక్క తేల్చే పేపర్లవి. వాటిలో ఒక పట్టిక తప్పకుండా ఉంటుంది. రైతు వయసు, చదువు, ఎన్నెకరాల భూమి, నీటి వసతి, అప్పు పుట్టే అవకాశం, వ్యవసాయ అధికారి ఎన్నిసార్లు వచ్చి వెళ్ళాడు... ఒక్కోదాని పక్కన ఒక అంకె. జన్యుమార్పిడి పంటల మీద ఇలాంటివి నేను చాలానే చదివాను. చదివిన ప్రతిసారీ ఏదో వెలితిగా ఉండేది. ఆ పట్టికలోని రైతు ఒంటరిగా కూర్చుని, రెండు ప్యాకెట్లు ముందు పెట్టుకుని, లాభనష్టాలు బేరీజు వేసుకుని ఒకటి ఎంచుకుంటున్నట్టు ఉంటాడు. వరంగల్ వైపు పత్తి రైతులు విత్తనం ఎలా కొంటారో కాస్తయినా తెలిసినవాళ్లకి ఈ బొమ్మ అతకదు.

పట్నంలో మనం బీటీ పత్తి గురించి మాట్లాడుకునే మాటలు కూడా రెండే. కంపెనీలు రైతును మోసం చేశాయి అనేది ఒకటి. లాభం లేకపోతే తొంభై శాతం పైగా పత్తి భూమిలో ఎందుకు వేస్తారు, రైతుకు తెలియదా అనేది రెండోది. మొదటి మాటలో రైతు అమాయకుడు, రెండో మాటలో మహా తెలివైనవాడు. ఎంచుకునే వీలు అతనికి ఎంత ఉండింది అన్న ప్రశ్న మాత్రం రెండింటిలోనూ లేదు. ఆ ప్రశ్న పట్టుకుని ఈ ఇరవై ఏళ్ల చరిత్ర ఒకసారి చూద్దామని ఈ వ్యాసం.

ముందు పురుగు

బీటీ గింజ ఖాళీ నేల మీదికి రాలేదు. 1980లలో కోస్తాలో పత్తి ఉధృతంగా పెరిగింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొత్తగా వచ్చిన రోజులవి. కొట్టగానే పురుగు రాలిపోయేది, కొన్నాళ్లకు రాలడం మానేసింది. 1987 ప్రాంతంలో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసింది. అప్పులపాలైన రైతుల ఆత్మహత్యల గురించి రాష్ట్రం అప్పుడే విన్నది. కోస్తా నుంచి వలస వచ్చిన రైతులతో, వాళ్లని చూసి మొదలుపెట్టిన స్థానిక రైతులతో, అదే పత్తి వరంగల్ వైపు విస్తరించింది. నల్లరేగడిలోనే కాదు, నీళ్లు నిలవని ఎర్రచెల్కల్లోకి కూడా వచ్చింది. పంటతో పాటు మందుల షాపులూ వచ్చాయి.

1997-98లో అకాల వర్షాలు, వాటి వెంటే పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు. ఎన్ని మందులు కలిపి కొట్టినా పురుగు చావలేదు. ఆ ఏడాది రాష్ట్రంలో వందల మంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వరంగల్ జిల్లా పేరు దేశమంతా పాకింది. వాళ్లలో చాలామంది తాగింది చేను కోసం అప్పు చేసి తెచ్చిన మందే.

మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టామని, కాయతొలుచు పురుగు ఆ ఆకు తింటే చస్తుందని చెప్పినప్పుడు, వింటున్నవాళ్లకి ఉన్న నేపథ్యం ఇది. బీటీని రైతు ఎందుకు తీసుకున్నాడు అనే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. దిగుబడి మీద ఆశ కన్నా పురుగు మందు మీద భయం పెద్దది.

ఒకే జన్యువు, రెండు తీర్పులు

దేశంలో బీటీ పత్తి చట్టబద్ధంగా రాకముందే చేలల్లోకి వచ్చేసింది. 2001లో గుజరాత్‌లో పురుగు విపరీతంగా పడింది. అన్ని చేలూ పాడైనా కొన్ని వేల ఎకరాలు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. అవి నవభారత్-151 అనే హైబ్రిడ్ వేసిన చేలు. పరీక్షిస్తే దానిలో అనుమతి లేని బీటీ జన్యువు తేలింది. కేంద్రంలోని జీఈఏసీ పంటను తగలబెట్టమంది. రైతులు ఒప్పుకోలేదు. 2002 మార్చి 26న అదే కమిటీ మహికో-మోన్‌శాంటో కంపెనీ మూడు హైబ్రిడ్లకు, మెక్-12, మెక్-162, మెక్-184 లకు, అనుమతి ఇచ్చింది.

ఆ వానాకాలంలోనే వరంగల్‌లో మొదటి ప్యాకెట్లు అమ్ముడయ్యాయి. ఎకరానికి సరిపోయే 450 గ్రాముల ప్యాకెట్ సుమారు 1,600 రూపాయలు, మామూలు హైబ్రిడ్‌కి మూడు నాలుగు రెట్లు. ఆ ఏడు కరువు. పంట సరిగా రాలేదు. కాయ చిన్నగా ఉందని, ఏరడానికి కూలి ఎక్కువవుతోందని, ధర తక్కువ పలుకుతోందని రైతులు అన్నారు. కంపెనీ చేయించిన సర్వేలేమో లాభం వచ్చిందన్నాయి. జహీరాబాద్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో వీడియో నేర్చుకున్న దళిత స్త్రీలు కెమెరాలతో వరంగల్ ఊళ్లకు వెళ్లి, రైతులు ఎందుకు కోపంగా ఉన్నారో 2003లో సినిమా తీశారు. నష్టపరిహారం కట్టమని రాష్ట్ర ప్రభుత్వం అడిగితే కంపెనీ కుదరదంది. చివరికి 2005లో ఆ మూడు హైబ్రిడ్లకూ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించడానికి జీఈఏసీ నిరాకరించింది.

కథ అక్కడితో ముగియాలి కదా! ముగియలేదు. అదే 2005లో వరంగల్ రైతులు ఎగబడి కొన్న గింజ ఆర్‌సీహెచ్-2 బీటీ. తమిళనాడు కంపెనీ రాశీది. అందులో ఉన్నదీ ఆ మోన్‌శాంటో జన్యువే. గుంటూరు, హైదరాబాద్‌ల విత్తన కంపెనీలు కూడా లైసెన్సు తీసుకుని, ఇక్కడి రైతులకు అప్పటికే అలవాటైన హైబ్రిడ్లలో ఆ జన్యువును పెట్టి అమ్మసాగాయి. జన్యువు అదే, ఒక గింజలో ఓడింది, ఇంకో గింజలో గెలిచింది. హైదరాబాద్‌లో, ఢిల్లీలో జన్యువు గురించి వాదన జరుగుతుంటే, చేను దగ్గర రైతు చూసింది మాత్రం ఆ జన్యువు ఏ మొక్క మీద ఎక్కి వచ్చిందన్నది. మన నేలకి పనికొస్తుందా, కాయ లావుగా ఉంటుందా, ఒక మనిషి రోజుకి ఎన్ని కిలోలు ఏరగలదు.

ధర సంగతి కూడా చెప్పుకోవాలి. 2006 మొదట్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోన్‌శాంటో రాయల్టీ మీద ఢిల్లీలోని గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లింది. అప్పటి ప్యాకెట్ ధరలో సగానికి మించి రాయల్టీయే. కమిషన్ తగ్గించమంది. రాష్ట్రం ప్యాకెట్ ధర 750 రూపాయలుగా ఖరారు చేసింది, 2007లో దానికోసం చట్టమే తెచ్చింది. ఇక ఆ తర్వాత రెండు మూడేళ్లకే జిల్లాలో బీటీ కాని పత్తి వెతికినా కనబడని స్థితి వచ్చింది. ప్రభుత్వం ధర తగ్గించకపోతే ఆ అడాప్షన్ గీత అంత నిటారుగా లేచేదా అంటే, నాకైతే అనుమానమే.

ఊరంతా ఏది పెడితే అది

గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త వరంగల్ ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగి, ఎవరు ఏ గింజ కొన్నారో రాసుకున్నాడు. 2007లో అచ్చయిన వ్యాసంలో ఆయన చెప్పిన సంగతి కంపెనీలకూ నచ్చలేదు, వ్యతిరేకులకూ పూర్తిగా పనికిరాలేదు. ఒక ఊళ్లో ఒక ఏడాది ఒక బ్రాండు ఊపు అందుకుంటుంది. నాలుగైదు కిలోమీటర్ల అవతలి ఊళ్లో ఇంకో బ్రాండు. మరుసటేడాదికి రెండు ఊళ్లూ మారిపోతాయి. నేలలో తేడా ఏమీ లేదు, ముందటేడు పంటలోనూ ఏమంత తేడా లేదు. పక్కవాణ్ణి చూసి కొంటున్నారు, పక్కవాడు వీళ్లని చూసి కొంటున్నాడు. రైతు తన చేలో తాను పరీక్షించుకుని నేర్చుకునే నైపుణ్యం చేజారిపోతోందని ఆయన వాదన.

రైతులకు తెలివి లేదని దీని అర్థం కాదు. ఒక గింజ మంచిదో కాదో తెలియాలంటే అదే గింజను మూడు నాలుగేళ్లు, కరువులోనూ వానలోనూ వేసి చూడాలి. 2010ల మొదటికే దేశంలో అనుమతి పొందిన బీటీ హైబ్రిడ్లు వెయ్యి దాటాయి. ఒకే గింజ రెండు పేర్లతో రావచ్చు, పేరు అదే ఉండి గింజ మారిపోవచ్చు. పై పెచ్చు నకిలీ ప్యాకెట్లు. వ్యవసాయ పాఠమే దొరకని చోట పక్కవాణ్ణి చూడడం తప్ప దారేముంది?

నాలుగేళ్ల కింద, మృగశిర ఇంకా రాకముందు, పరకాల వైపు ఒక ఊళ్లో స్నేహితుడి ఇంట్లో ఉన్నాను. వాళ్ల నాన్నకు మూడెకరాలు సొంతం, ఇంకో రెండెకరాలు కౌలు. ఊరికే అడిగాను.

"ఈసారి ఏ గింజ పెడ్తున్నవ్ కాకా?"

"ఇంక ఎర్కలేదు బిడ్డా. వాన పడనీ. ఊళ్లె ఏది నడుస్తె అదే."

"పోయినేడు పెట్టింది మంచిగనే కాసిందన్నవ్ కదా?"

"కాసింది. అది మల్ల దొరకాలె గద. దొరికినా, నాకు ఉద్దెర ఇచ్చెటోని దుకాణంల దొరకాలె."

కాసేపు ఆగి ఆయనే అన్నాడు: "అందరి లెక్క పెడ్తె, పోయినా అందరితోని పోతది. నేనొక్కణ్ణే వేరేది పెట్టి పోగొట్టుకుంటె, వీనికి ఎవుసం రాదంటరు."

పట్టికలో 'అప్పు పుట్టే అవకాశం' అని ఒక్క గడిలో రాసేది ఈయన నోట ఇలా వచ్చింది. ఉద్దెర అంటే డబ్బు దొరకడం మాత్రమే కాదు. ఏ షాపులో ఖాతా ఉందో ఆ షాపు అరలో ఉన్నదే గింజ, ఆ అరలో ఉన్నదే మందు. పత్తి వచ్చాక చాలాసార్లు అమ్మేదీ ఆ మనిషికే. కౌలు రైతుకు పాస్‌బుక్ ఉండదు కాబట్టి బ్యాంకు గడప ఎక్కలేడు. విత్తనం ఎంచుకోవడమనేది చాలావరకు షావుకారును ఎంచుకున్న రోజే అయిపోతుంది.

హైబ్రిడ్ అనే చెరుపలేని షరతు

ఇన్నేళ్ల వాదనల్లో చాలా తక్కువగా వినబడిన సంగతి ఒకటుంది. 1998లో కర్ణాటక రైతు సంఘం నంజుండస్వామి నాయకత్వంలో బీటీ ప్రయోగ క్షేత్రాలను తగలబెట్టినప్పుడు, జనంలో ఉన్న పెద్ద భయం 'టెర్మినేటర్' గింజ గురించి. మళ్లీ మొలవని గింజను కంపెనీలు తెస్తున్నాయని. బీటీ పత్తిలో ఆ టెర్మినేటర్ లేదు. కాని మన దగ్గర బీటీ దాదాపుగా హైబ్రిడ్లలోనే వచ్చింది. హైబ్రిడ్ గింజ మొలుస్తుంది, అయితే దాచుకుని మళ్లీ వేస్తే మొదటి ఏడాది పంట రాదు, మొక్కలు తలోరకంగా వస్తాయి. కాబట్టి ఏటా కొనాల్సిందే. కంపెనీకి వేరే తాళం అక్కర్లేదు.

హైబ్రిడ్ పత్తి మనదేశం కనిపెట్టిందే. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ విడుదల చేసిన హెచ్-4 ప్రపంచంలో మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి. చైనాలో బీటీ జన్యువు ఎక్కువగా మామూలు వంగడాల్లో వచ్చింది, అక్కడి చిన్నరైతు గింజ దాచుకోగలిగాడు. ఇక్కడ కూడా అలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. ప్రభుత్వ పరిశోధనా సంస్థలు తయారుచేసిన బికనేరి నర్మా బీటీ 2009లో రైతుల దాకా వచ్చింది. తక్కువ ధర, దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. మోన్‌శాంటో జన్యువే అందులోనూ ఉందని తేలడంతో వెంటనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వరంగల్ రైతు ముందు దాచుకోగలిగిన బీటీ గింజ, దాచుకోలేని బీటీ గింజ పక్కపక్కన ఎప్పుడూ లేవు. లేని వస్తువును వద్దనుకున్నాడని ఎలా అంటాం?

లాభం నిజమే, అయితే ఎన్నాళ్లు?

బీటీ వల్ల ఏమీ ఒరగలేదని చెప్పడం సత్యం కాదు. ఆ స్టోనే 2003, 2007 సంవత్సరాలను పోల్చి, తాను చూసిన వరంగల్ ఊళ్లలో దిగుబడి 18 శాతం పెరిగిందని, మందు కొట్టడం 55 శాతం తగ్గిందని 2011లో రాశాడు. మందు డబ్బా వీపున మోసినవాళ్లకి ఆ 55 శాతం అంటే ఏమిటో తెలుసు. కథాగే, ఖైమ్ అనే ఆర్థికవేత్తలు 2012లో దేశంలోని చిన్నరైతుల లెక్కలు తీసి, ఎకరా దిగుబడి 24 శాతం, లాభం 50 శాతం పెరిగాయన్నారు. 2020లో మళ్లీ స్టోన్, నాగపూర్ పత్తి పరిశోధనా సంస్థకు అధిపతిగా పనిచేసిన క్రాంతి కలిసి ఇరవై ఏళ్ల లెక్కలు తీశారు. దిగుబడి పెరుగుదలలో ఎక్కువ భాగం ఎరువులది, నీటిది అని, పురుగు మందుల ఖర్చు బీటీ రాకముందు కన్నా పెరిగిందని వాళ్లు తేల్చారు. దీనిమీద వాదన ఇంకా నడుస్తోంది.

మధ్యలో ఏం జరిగింది? గులాబీ రంగు పురుగు. 2009-10లో గుజరాత్‌లో అది మొదటి తరం బీటీకి లొంగలేదు. రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 అప్పటికే 2006 నుంచి మార్కెట్లో ఉంది. కొన్నేళ్లకు దానికీ లొంగలేదు. 2017 నాటికి తెలంగాణ చేలల్లో గుడ్డిపూలు, సగం విచ్చుకుని ఎండిన కాయలు మామూలైపోయాయి.

పురుగు తట్టుకోవడం నేర్చుకోకుండా ప్రతి ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్‌బీటీ గింజలు ఇచ్చేవారు. చేను చుట్టూ ఐదు వరసలు వేయాలి. పురుగు వాటిమీద బతకాలి. ఆ చిన్న పొట్లం చాలా ఇళ్లలో చెత్తలోకి వెళ్లింది. రైతుల నిర్లక్ష్యం అని అధికారులు అంటారు. రెండెకరాల రైతును కాస్త భూమి పురుగుకు వదిలెయ్యమంటే, అదీ కౌలు కట్టిన భూమిని, ఎవరు వదులుతారు? ఆ నియమం రాసినవాళ్ల మనసులో ఉన్నది అమెరికా కమతం. అక్కడ ఐదు వరసలు లెక్కలోకి రావు.

ఈలోగా నాన్‌బీటీ హైబ్రిడ్లను తయారుచేయడం కంపెనీలు దాదాపు మానేశాయి. సేంద్రియ పత్తి పండించే సంఘాలకు విత్తనం దొరకడమే గండమైంది. మందులు లేని సేద్యం ఇక్కడ జరగలేదా అంటే జరిగింది. ఖమ్మం జిల్లా పునుకుల వేపకషాయాలతో, ఎర పంటలతో మందు షాపు అవసరం లేకుండా పత్తి పండించింది. వరంగల్ జిల్లా ఏనెబావి ఊరు ఊరంతా సేంద్రియంలోకి మారింది. కాని అక్కడ ఏళ్ల తరబడి ఊళ్లోనే ఉండి పనిచేసిన మనుషులున్నారు. మిగతా ఊళ్లకు ఉన్నది షాపు.

ఇది మన ఒక్కరి కథే కాదు. దక్షిణాఫ్రికాలోని మఖతీని మైదానంలో చిన్నరైతులు 1998 నుంచి బీటీ పత్తి వేశారు. మూడు నాలుగేళ్లలోనే దాదాపు అందరూ. ఆఫ్రికా చిన్నరైతు విజయమని ప్రపంచమంతా చెప్పుకున్నారు. గింజ ఇచ్చేదీ, అప్పు ఇచ్చేదీ, పత్తి కొనేదీ వునిసా అనే ఒకే కంపెనీ. పక్కనే ఇంకో కంపెనీ తెరవగానే రైతులు పంట అక్కడ అమ్ముకున్నారు, పాత అప్పు తీరలేదు, కొత్త అప్పు ఆగింది, పత్తి సాగు కుప్పకూలింది. బుర్కినా ఫాసోలో 2008లో మొదలైన బీటీ పత్తి 2016కు ఆగిపోయింది. పోగు పొడవు తగ్గి మార్కెట్లో ధర రావడం లేదని పత్తి కంపెనీలే ఆపేశాయి. వేయించిందీ వాళ్లే, మాన్పించిందీ వాళ్లే.

పట్టికలో లేనివాళ్లు

ఇప్పుడు తెలంగాణ, ఆంధ్ర చేలల్లో నడుస్తున్నది బీజీ-3 అని పిలిచే గింజ. గడ్డి మందు కొట్టినా పత్తి మొక్క చావదు, చుట్టూ కలుపు చస్తుంది. దీనికి అనుమతి లేదు. కంపెనీ 2016లో దరఖాస్తే వెనక్కి తీసుకుంది. అయినా గింజ మాత్రం దొరుకుతుంది, బిల్లు లేకుండా. మహారాష్ట్రలో 2019 జూన్‌లో అకోలా జిల్లాలో షేత్కరీ సంఘటన బహిరంగంగానే విత్తి, అరెస్టు చేసుకోమంది. మన దగ్గర బహిరంగ ఉద్యమం లేదు, రాత్రి పూట ఆటోలో వచ్చే సంచులున్నాయి. మొలవకపోతే అడిగే దిక్కు ఉండదని తెలిసీ కొంటున్నారు. ఎందుకంటే కలుపు కూలి ఖర్చు భరించలేమంటారు. అది నిజమే.

కలుపు తీసేది ఎవరు? ఆడవాళ్లు, ఎక్కువగా భూమి లేని దళిత, బహుజన కుటుంబాల ఆడవాళ్లు. వానాకాలంలో నెలా రెండు నెలలు వాళ్లకు చేతినిండా ఉండే పని అది. చేను యజమాని ఒక ప్యాకెట్ కొనడంతో ఆ పని పోతుంది. పొలం గట్టున ఆ నిర్ణయం జరిగినప్పుడు వాళ్లని ఎవరూ అడగరు.

ఇంకో చివర కూడా ఇలాంటివాళ్లే ఉన్నారు. హైబ్రిడ్ గింజ ఫ్యాక్టరీలో తయారుకాదు. గద్వాల, కర్నూలు వైపు సీడ్ పత్తి చేలల్లో, సాయంత్రం ఒక్కో ఆడ మొగ్గనూ విప్పి కేసరాలు గిల్లేయాలి, మర్నాడు పొద్దున్నే మగ పూవు తెచ్చి రుద్దాలి. ఒక్కో పూవుకూ చేత్తోనే. చిన్న చేతులైతే వేగంగా చేస్తాయని, కూలి తక్కువని, బడి మాన్పించి ఆడపిల్లలను పెట్టారు. 2000ల మొదట్లో దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు లెక్క తీసేదాకా బయట ఎవరికీ పట్టలేదు. కంపెనీ ఆర్గనైజర్‌కు ఇచ్చే ధర, ఆర్గనైజర్ రైతుకు ఇచ్చే ధర అలా ఉన్నంతకాలం పెద్దవాళ్ల కూలి గిట్టుబాటు కాదని ఆ రైతులు అన్నారు. వరంగల్‌లో ప్యాకెట్ విప్పే రైతు చేతిలో పడేది ఆ పిల్లల పొద్దుటి పనే.

రేపు మరో జన్యుమార్పిడి పంట వస్తుంది. మళ్లీ సర్వేలు జరుగుతాయి. వయసు, చదువు, కమతం, అప్పు అని గడులుంటాయి. తొంభై శాతం అన్న అంకె ఎక్కడైనా కనిపిస్తే నేనిప్పుడు వెతికేవి వేరు: ఆ ఏడు షాపు అరలో ఇంకేం గింజలున్నాయి, ఉద్దెర ఎవరిచ్చారు, గింజ దాచుకునే వీలుందా, కలుపు తీసేవాళ్లకు ఆ ఏడు ఎన్ని రోజుల పని దొరికింది. ఇవి రాయని పట్టికలో ఉన్నది అమ్మకాల లెక్క మాత్రమే.